ఎల్బీ నగర్ నుంచి కొత్తగూడెం రైలుకు ఇంత చుట్టు ఎందుకు? బొగ్గు కోసం పడ్డ పట్టాల కథ

మీరు ఎల్బీ నగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ వైపు ఉంటున్నారా? సొంతూరు ఖమ్మం, కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు వైపా? అయితే ఈ లెక్క మీకు కొత్త కాదు. బస్సైతే ఎల్బీ నగర్‌లోనే ఎక్కొచ్చు. చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేట దాటితే ఖమ్మం దారి. రైలెక్కాలంటే మాత్రం ముందు ఊరికి వ్యతిరేక దిశలో సికింద్రాబాద్ వెళ్లాలి. అక్కడి నుంచి భువనగిరి, కాజీపేట, వరంగల్, మహబూబాబాద్ మీదుగా డోర్నకల్ చేరి, అప్పుడు కొత్తగూడెం వైపు మళ్లాలి.

విజయవాడ వెళ్లేవాళ్లదీ ఇదే పరిస్థితి. ఎల్బీ నగర్ నుంచి విజయవాడకు రోడ్డు దూరం 260 కిలోమీటర్లు అటూ ఇటూ. సికింద్రాబాద్ నుంచి కాజీపేట మీదుగా పట్టాల దూరం సుమారు 350 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి మచిలీపట్నం రేవుకు సూర్యాపేట మీదుగా వెళ్లే దారి ఎంతో పాతది. ఇప్పటి 65వ నంబరు జాతీయ రహదారి దాదాపు దాని వెంటే పోతుంది. అంత పాత దారి పక్కన పట్టాలు ఎందుకు పడలేదు? సూర్యాపేట జిల్లా కేంద్రానికి ఈనాటికీ రైల్వే స్టేషన్ లేకపోవడానికి కారణమేంటి?

దీని జవాబు 1880లలో, ఇల్లందు అడవుల్లో దొరికిన బొగ్గులో ఉంది.

బొగ్గు ముందా, రైలు ముందా?

నిజాం ప్రభుత్వ సొంత రైల్వేలో మొదటి మార్గం వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో మొదలైంది. బొంబాయి, మద్రాసుల మధ్య ఉన్న లైనుకు హైదరాబాద్‌ను కలపడమే దాని పని. తూర్పు వైపు ఏమీ లేదు.

ఆ సమయానికే గోదావరి లోయలో బొగ్గు ఉందన్న కబురు బయటికొచ్చింది. భద్రాచలం వెళ్తున్న యాత్రికులు ఇల్లందు దగ్గర ఆగి, నల్ల రాళ్లతో పొయ్యి పెట్టుకుంటే ఆ రాళ్లే అంటుకున్నాయని సింగరేణి ప్రాంతంలో ఒక కథ చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1870ల ఆరంభంలో అక్కడ బొగ్గు పొరలను గుర్తించారు. ఇల్లందును ఇప్పటికీ చాలామంది బొగ్గుట్ట అంటారు.

గనిలోంచి పైకి తీసిన బొగ్గు అక్కడే పడి ఉంటే దానికి విలువ లేదు. ఎడ్లబండ్ల మీద వందల కిలోమీటర్లు మోస్తే, చేరేసరికి బొగ్గు ధర కన్నా బాడుగే ఎక్కువవుతుంది. రైలుకేమో ఇంజన్ నడవడానికి బొగ్గు కావాలి. అంటే గనికి రైలు కావాలి, రైలుకు గని కావాలి. అందుకే నిజాం రాజ్యంలో రైల్వే ఒప్పందం, గనుల ఒప్పందం కొద్ది ఏళ్ల తేడాలో, దాదాపు అవే చేతుల మీదుగా కుదిరాయి.

1883లో లండన్‌లో నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడింది. హైదరాబాద్ నుంచి తూర్పుగా వరంగల్ వరకు, అక్కడి నుంచి ఒక కొమ్మ ఉత్తరాన చాందా వైపు, ఇంకో కొమ్మ దక్షిణాన బెజవాడ వైపు వేయాలన్నది పథకం. చాందా అంటే ఇప్పటి చంద్రపూర్. అక్కడా బొగ్గే. వరంగల్ దగ్గర చీలే ఈ రెండు కొమ్మలు చూస్తే, సూర్యాపేట దారి ఎందుకు లెక్కలోకి రాలేదో అర్థమవుతుంది. నేరుగా బెజవాడ పోవడం ఒక్కటే లక్ష్యమైతే ఆ దారి దగ్గర. బొగ్గును కలుపుకుంటూ పోవాలంటే మాత్రం వరంగల్, డోర్నకల్ తప్పవు.

పనులు వేగంగా సాగాయి. 1886లో రైలు వరంగల్ చేరింది. 1888లో డోర్నకల్, అక్కడి నుంచి కారేపల్లి మీదుగా ఇల్లందు గనులు. 1889లో బెజవాడ. వరుస గమనించండి. రేవుల వైపు దారి చూపే బెజవాడ కన్నా ముందు గనికే రైలు చేరింది. బొగ్గు ఉత్పత్తి కూడా 1889లోనే మొదలైంది.

పేరు విషయంలో చిన్న తికమక ఉంది. మొదటి గని ఇల్లందులో, కంపెనీ పేరు మాత్రం సింగరేణి. కారేపల్లి పక్కనున్న చిన్న గ్రామం పేరది. కారేపల్లి కేంద్రంగా ఉన్న మండలాన్ని ఇప్పటికీ సింగరేణి మండలమనే రాస్తారు. ఇల్లందు స్టేషన్‌కు రైల్వే పెట్టిన పేరు సింగరేణి కాలరీస్. డోర్నకల్ అయితే జంక్షన్ వల్లే పెరిగిన ఊరు. 1912లో దేశంలోని తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ వి.ఎస్.అజరయ్య పీఠానికి కేంద్రమైంది కూడా ఈ జంక్షన్ ఊరే.

డబ్బు ఎవరిది?

రైల్వే కంపెనీ పేరులో ఉన్న గ్యారంటీడ్ అనే మాటను దాటేసి పోకండి. కంపెనీ పెట్టిన పెట్టుబడి మీద ఏటా 5 శాతం రాబడికి, 20 ఏళ్ల పాటు నిజాం ప్రభుత్వం పూచీ పడింది. లైను లాభాల్లో నడిస్తే సరే. నడవకపోతే ఆ తేడా ఖజానా నుంచి, అంటే రైతు కట్టిన శిస్తు నుంచి పోతుంది. లండన్ వాటాదారుకు మాత్రం నష్టభయం లేదు.

దీన్ని హైదరాబాద్ నగరవాసులు కొందరు అప్పుడే ప్రశ్నించారు. షరతులేంటో జనానికి చెప్పాలని, చర్చించకుండా సంతకాలు చేయొద్దని 1883లో అడిగారు. చరిత్రకారులు దీన్ని చాందా రైల్వే ఆందోళన అంటారు. హైదరాబాద్ రాజ్యంలో ఆధునిక రాజకీయ ఆందోళనల్లో మొదటిది ఇదేనని చాలామంది లెక్కిస్తారు. ముందు నిలిచినవాళ్లలో ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఒకరు. ఇంకొకరు అఘోరనాథ చట్టోపాధ్యాయ, సరోజినీ నాయుడి తండ్రి, హైదరాబాద్ కాలేజీని నడిపిన విద్యావేత్త. ఒప్పంద పత్రం చూపించమన్నందుకు ఆయనకు దక్కింది రాజ్య బహిష్కారం. తర్వాతెప్పుడో తిరిగి రానిచ్చారు.

వాళ్ల అనుమానం ఊరికే పోలేదు. 1886లో వాట్సన్, స్టూవర్ట్ అనే ఇద్దరికి గనుల హక్కులు 99 ఏళ్లకు రాసిచ్చారు. వాళ్లు లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పెట్టారు. ఒప్పందంలో నిజాం తరఫున మాట్లాడిన అబ్దుల్ హక్, అదే కంపెనీ వాటాలను తన దగ్గర ఉంచుకుని నిజాం ప్రభుత్వానికే అమ్మారని బయటపడింది. గొడవ లండన్‌దాకా పోయి, 1888లో బ్రిటిష్ పార్లమెంటు కామన్స్ సభ కమిటీ విచారణ జరిపింది. అబ్దుల్ హక్ పదవి పోయింది. గనుల హక్కు మాత్రం కంపెనీ చేతిలోనే ఉండిపోయింది.

తర్వాతి మార్పులు త్వరగా చెప్పుకుందాం. 1920లో గనులు సింగరేణి కాలరీస్ కంపెనీ చేతికొచ్చాయి. 1930లో రైల్వేను నిజాం ప్రభుత్వమే కొనేసింది, గ్యారంటీడ్ అన్న మాట పేరులోంచి పోయింది. 1945లో సింగరేణి వాటాల్లో ఎక్కువ భాగం కూడా ప్రభుత్వం కొంది. 1951లో నిజాం రైల్వే సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. ఇప్పుడు సింగరేణిలో తెలంగాణకు 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటాలున్నాయి.

గని జరిగితే రైలూ జరుగుతుంది

ఇల్లందులో పొరలు తరుగుతుంటే కంపెనీ చూపు కొత్తగూడెం వైపు మళ్లింది. 1920ల చివర్లో కారేపల్లి నుంచి కొత్తగూడెం దాకా పట్టాలు వేశారు. 1930లలో అక్కడ గనులు మొదలయ్యాయి. తర్వాత మణుగూరు గనులొచ్చాయి, లైను మణుగూరు దాకా పొడిగింది. ఉత్తర కొమ్మ కథా ఇంతే. కాజీపేట, బల్లార్షా లైను 1920లలో ముక్కలు ముక్కలుగా సాగి 1929 నాటికి పూర్తయింది. దానితోపాటే బెల్లంపల్లి గనులు పుట్టాయి. మద్రాసు, ఢిల్లీల మధ్య నేరుగా రైలు నడిచిందీ ఆ లైను వల్లే.

హైదరాబాద్ నగరం కూడా ఈ బొగ్గు వెలుగులోనే పెరిగింది. ఇప్పుడు ఎన్టీఆర్ గార్డెన్స్, ప్రసాద్స్ ఉన్న చోట, హుస్సేన్ సాగర్ ఒడ్డున, ఒకప్పుడు థర్మల్ విద్యుత్ కేంద్రం ఉండేది. నగరానికి కరెంటిచ్చిన ఆ కేంద్రం మండించింది బొగ్గే.

కొత్తగూడెం స్టేషన్‌కు భద్రాచలం రోడ్ అని పేరెందుకు పెట్టారు? రైల్వే భాషలో రోడ్ అని చివరన ఉంటే, ఆ ఊరు అక్కడ లేదు, అక్కడ దిగి రోడ్డు మీద వెళ్లాలని అర్థం. భద్రాచలం గుడి అక్కడి నుంచి దాదాపు 40 కిలోమీటర్లు, గోదావరి అవతలి ఒడ్డున. మొదటిసారి వెళ్లేవాళ్లు టికెట్ మీద భద్రాచలం అన్న మాట చూసి, దిగగానే గుడి కనిపిస్తుందనుకుంటారు. శ్రీరామనవమికి మీ ఇంటికొచ్చే చుట్టాలకు ఈ మాట ముందే చెప్పండి. ఆ రోజుల్లో నిజాం రైలు నది దాటకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. భద్రాచలం అప్పుడు నిజాం రాజ్యంలో లేదు, బ్రిటిష్ వాళ్ల మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. నది మీద రోడ్డు వంతెన కూడా 1965లో గానీ రాలేదు.

పట్టాలున్నా ప్రయాణికుల రైలు ఎందుకు ఉండదు?

ఈ లైను వల్ల నేటికీ ఇబ్బంది పడేవాళ్ల అసలు ప్రశ్న ఇదే. అన్నిటికన్నా ముందు పట్టాలు పడ్డ ఇల్లందుకు ఇప్పుడు ప్రయాణికుల రైలు లేదు. బొగ్గు వ్యాగన్లు తిరిగే ఊళ్లో మనిషి రైలెక్కాలంటే వేరే ఊరికి పోవాలి.

సత్తుపల్లి సంగతి మరీ కొత్తది. భద్రాచలం రోడ్ నుంచి సత్తుపల్లికి సుమారు 54 కిలోమీటర్ల కొత్త లైను 2022లో సిద్ధమైంది. ఖర్చు సుమారు 927 కోట్ల రూపాయలు, అందులో దాదాపు 618 కోట్లు సింగరేణే పెట్టింది. సత్తుపల్లి ఓపెన్ కాస్ట్ గనుల బొగ్గు లారీల మీద కాకుండా వ్యాగన్ల మీద పోవాలన్నదే దాని ఉద్దేశం. రోడ్డు పక్కన బతికేవాళ్లకు అది పెద్ద మేలే. ఒక బొగ్గు రేకులో 58 వ్యాగన్ల వరకు ఉంటాయి, మోసేది 3,800 టన్నుల పైమాటే. అంత బొగ్గుకు నూటికి పైగా లారీలు కావాలి. కానీ అదే ప్రాంతం జనం దశాబ్దాలుగా అడుగుతున్నది కొత్తగూడెం నుంచి సత్తుపల్లి మీదుగా కొవ్వూరు లైను. గని దాకా వచ్చిన పట్టాలు అక్కడే ఆగిపోయాయి.

ఎందుకిలా? మూడు విషయాలు కలిసి ఈ పరిస్థితి తెస్తున్నాయి. సరుకు రవాణాలో రైల్వేకు ఆదాయం ఉంది, ప్రయాణికుల రవాణాలో నష్టం ఉంది. ప్రయాణ ఖర్చులో సగటున 57 శాతమే వసూలవుతోందని రైల్వే టికెట్ల మీదే అచ్చు వేసింది, మీరూ చూసే ఉంటారు. సింగరేణి 2023-24లో తవ్వింది 7 కోట్ల టన్నులు. విద్యుత్ కేంద్రంలో నిల్వలు తగ్గాయంటే ఆ లైను మీద ముందు దారి బొగ్గు రేకుకే. ఒకే పట్టా ఉన్న సెక్షన్‌లో ఎదురుగా బండి వస్తుంటే ఇంకోటి లూప్‌లో ఆగాలి. ఆగేది చాలాసార్లు ప్యాసింజరే.

చట్టపరమైన మెలిక కూడా ఒకటుంది. 1989 రైల్వే చట్టం ప్రకారం, రైల్వే సేఫ్టీ కమిషనర్ తనిఖీ చేశాక, కేంద్రం అనుమతి వస్తేనే ఒక లైను మీద ప్రజా ప్రయాణం మొదలవ్వాలి. సరుకు బండి తిరుగుతోంది కదా, రేపట్నుంచి రెండు బోగీలు తగిలించండి అంటే కుదరదు. ప్లాట్‌ఫాం, సిగ్నలింగ్, సిబ్బంది, రేకు, టైమ్‌టేబుల్‌లో చోటు అన్నీ తేలాలి.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్తాను. ప్రయాణికుల వల్ల నష్టం అన్న వాదన ఈ లైనుకు అంత సూటిగా అతకదు. పట్టాల ఖర్చు బొగ్గు మీద ఎప్పుడో రాబట్టారు. కొత్త ముక్క ఖర్చులో మూడింట రెండొంతులు ప్రభుత్వ రంగ సంస్థే భరించింది. గని వల్ల భూమి, అడవి పోగొట్టుకున్నదీ, దుమ్ము పీల్చిందీ ఆ ఊళ్లే. రోజుకు ఒక్క ప్యాసింజర్ అడగడం గొంతెమ్మ కోరికేం కాదు.

మీరు ఎవరిని అడగాలి?

ఇక్కడే చాలామంది అర్జీలు దారి తప్పుతాయి. ఈ లైను రెండు లోక్‌సభ నియోజకవర్గాల మధ్య చీలిపోయి ఉంది. కొత్తగూడెం, సత్తుపల్లి ఖమ్మం ఎంపీ పరిధిలోవి. డోర్నకల్, ఇల్లందు, మణుగూరు, భద్రాచలం మహబూబాబాద్ ఎంపీ పరిధిలోవి. ఒకే లైను సమస్యకు రెండు చోట్ల ఉత్తరం పెట్టాలి. మీ ఓటు ఎల్బీ నగర్‌లో ఉంటే మీ ఎంపీ మల్కాజిగిరి వారు. కొత్తగూడెం ప్యాసింజర్ విషయంలో ఆయన పరిధి తక్కువే. చర్లపల్లిలో ఫలానా రైలు ఆపాలన్న కోరికకు మాత్రం సరైన గుమ్మం అదే.

రైల్వేలో చూస్తే ఇదంతా సికింద్రాబాద్ డివిజన్. హాల్ట్, సమయం మార్పు లాంటి చిన్న కోరికలు డివిజనల్ రైల్వే మేనేజర్ కార్యాలయంతో మొదలవుతాయి. కొత్త రైలైనా, ఉన్న రైలు పొడిగింపైనా దక్షిణ మధ్య రైల్వే జోన్ ప్రతిపాదించాలి, ఢిల్లీలో రైల్వే బోర్డు ఒప్పుకోవాలి. అనుభవం చెప్పేదేమంటే, కొత్త రైలు అడగడం కన్నా ఉన్నదాన్ని పొడిగించమనడం తేలిక. రేకు, సిబ్బంది అప్పటికే ఉంటారు కాబట్టి. డివిజన్ స్థాయిలో, జోన్ స్థాయిలో ప్రయాణికుల సలహా కమిటీలుంటాయి, వాటి సభ్యుల ద్వారా విషయం అజెండాలోకి ఎక్కించొచ్చు. 139 నంబరు రైలు ప్రయాణంలో ఎదురయ్యే ఇబ్బందుల కోసం, కొత్త రైలు కోసం కాదు. ఫలానా లైను మీద ప్రయాణికుల రైలు ప్రతిపాదన ఉందా, ఏ దశలో ఉందని సమాచార హక్కు చట్టం కింద ఆన్‌లైన్‌లో అడగొచ్చు. 1883లో ఇలాంటి ప్రశ్నకు బహిష్కారం పడింది, ఇప్పుడు 10 రూపాయల ఫీజు పడుతుంది.

ఇప్పటికిప్పుడు ఊరెళ్లాలంటే?

ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి మియాపూర్ వైపు వెళ్తూ ఎంజీబీఎస్‌లో దిగండి. అక్కడ జేబీఎస్ వైపు వెళ్లే గ్రీన్ లైన్‌కు మారితే సికింద్రాబాద్ వెస్ట్ స్టేషన్ వస్తుంది. రైల్వే స్టేషన్ దగ్గరే. అమీర్‌పేట దాకా పోయి మారాల్సిన పని లేదు, సామానుతో ఉన్నప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

రెండో దారి చర్లపల్లి. అక్కడి కొత్త టెర్మినల్ 2025 జనవరి 6న ప్రారంభమైంది. కాజీపేట వైపు పోయే లైను చర్లపల్లి మీదుగానే సాగుతుంది. ఎల్బీ నగర్ నుంచి నాగోల్, ఉప్పల్ మీదుగా అక్కడికి వెళ్లొచ్చు. సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం వల్ల కొన్ని రైళ్లు బయల్దేరే చోటు మారింది. అందుకే కాకతీయ అయినా, మణుగూరు ఎక్స్‌ప్రెస్ అయినా టికెట్ మీద ఎక్కే స్టేషన్ పేరు చూసుకుని, ఆ రోజు స్థితి యాప్‌లో సరిచూసుకుని కదలండి.

బస్సు సంగతి చెప్పకపోతే లెక్క పూర్తి కాదు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర మహిళలకు ఛార్జీ లేదు. కాబట్టి ఇంట్లో ఆడవాళ్లకు ఖర్చు పరంగా రైలు మేలన్న మాట ఇప్పుడు నిలవదు. రాత్రి పడుకుని వెళ్లాలనుకునేవాళ్లకు, పెద్దవాళ్లతో ప్రయాణం చేసేవాళ్లకు, హైవే ట్రాఫిక్ భరించలేనివాళ్లకు రైలే సుఖం.

సూర్యాపేట దారిలో పట్టాలు ఎప్పటికీ రావా?

కాగితం మీదైతే కదలిక ఉంది. శంషాబాద్ నుంచి విజయవాడ వైపు కొత్త వేగవంతమైన లైనుకు, డోర్నకల్ నుంచి సూర్యాపేట, నల్లగొండ మీదుగా గద్వాలకు ఇంకో లైనుకు సర్వేలు మంజూరయ్యాయి. సర్వే అంటే దారి గీయడమే. డబ్బు కేటాయింపు, భూసేకరణ ఆ తర్వాతి మెట్లు. కాబట్టి సర్వే వార్త చూసి హైవే పక్కన ప్లాట్ అమ్మజూపేవాళ్ల మాట నమ్మి తొందరపడకండి.

భద్రాచలం విషయంలో అంతకన్నా గట్టి అడుగు పడింది. ఒడిశాలోని మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం దాకా సుమారు 174 కిలోమీటర్ల కొత్త లైనుకు 2024 ఆగస్టు 9న కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. పాండురంగాపురం కొత్తగూడెం, మణుగూరు లైను మీది స్టేషనే. అది పూర్తయితే, పేరులో రోడ్ లేని భద్రాచలం స్టేషన్ మొదటిసారి టైమ్‌టేబుల్‌లోకి వస్తుంది.